కాలేజీ ఎంచుకునే ముందు అక్కడ చదివినవారిని అడగండి

ఈ మధ్య సంఘాల సర్వసభ్య సమావేశాలకు వెళ్లినప్పుడు, సమావేశం ముగిశాక సభ్యులు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. అది దాణా గురించీ కాదు, పాల ధర గురించీ కాదు. "మావాడు బి.టెక్. పూర్తిచేశాడు. అమెరికాలో ఎం.ఎస్.కు ఫలానా యూనివర్సిటీలో సీటు వచ్చిందంటున్నాడు. ముప్పై లక్షలు అవుతుందట. పంపమంటారా?" అని ఒకరు. "మా అమ్మాయి డెయిరీ టెక్నాలజీ చదివింది. పై చదువుకు కర్నాల్ పంపాలా, ఇక్కడే చేర్చాలా?" అని మరొకరు. మాకు పాల సంగతి తెలుసు గాని, ఇన్ని యూనివర్సిటీల మంచిచెడ్డలు తెలియవు. అయితే అవి ఎవరికి తెలుస్తాయో, వారిని ఎలా అడగాలో కొంత చెప్పగలం.

గేదెను కొనేటప్పుడు మనం ఏం చేస్తామో గుర్తు తెచ్చుకుందాం. సంతలో దళారి చెప్పేది వింటాం, కాని ఆ మాట మీద డబ్బు పెట్టం. పొదుగు నిండుగా కనిపించడానికి ముందు పూట పాలు పిండకుండా తోలుకొస్తారని మనకు తెలుసు. అందుకే మొదటి పూట పాలను లెక్కలోకి తీసుకోం. తర్వాతి రెండు పూటలు దగ్గరుండి పిండించి కొలుస్తాం. ఎన్నో ఈత, పోయిన ఈతలో ఎన్నాళ్లు పాలిచ్చింది, చేపుతుందా, తన్నుతుందా అని విచారిస్తాం. వీలైతే ఆ ఊరే వెళ్లి, దాన్ని పిండిన మనిషిని అడుగుతాం. లక్ష రూపాయల గేదెకు ఇంత విచారణ చేసే మనమే ముప్పై లక్షల చదువు దగ్గరకు వచ్చేసరికి కన్సల్టెన్సీ ఆఫీసులో గోడకున్న ఫోటోలు చూసి సంతకం పెట్టి వస్తున్నాం. ఆ ఆఫీసులవారందరూ మోసగాళ్లని మేము అనడం లేదు. కాని విద్యార్థిని చేర్పించినందుకు వారికి కమీషను ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. కనుక వారి మాటను దళారి మాటగానే వినాలి.

గేదెను పిండిన మనిషి లాంటివాడే కాలేజీకి పూర్వ విద్యార్థి. ఆ క్లాసులో కూర్చున్నవాడు, ఆ హాస్టల్లో తిన్నవాడు, ఆ పట్టా పట్టుకుని ఉద్యోగానికి తిరిగినవాడు అతడు.

ముందుగా డబ్బు లెక్క చూద్దాం. ముప్పై లక్షల అప్పుకు నూటికి పదకొండు వడ్డీ అనుకుంటే ఏడాదికి 3,30,000 రూపాయలు, అంటే నెలకు 27,500. చదువు నడిచే కాలంలో బ్యాంకు వాయిదాలు అడగకపోయినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. రోజుకు 10 లీటర్లు పోసే ఇంటికి లీటరుకు 50 రూపాయలు వచ్చినా నెల పాల బిల్లు 15,000. అందులో సగానికి పైగా దాణాకూ మేతకూ పోతుంది. అంటే చదువు అక్కరకు రాకపోతే ఆ అప్పును పాడి మోయలేదు. పొలం అమ్మాలి. ఈ మాట భయపెట్టడానికి రాయడం లేదు. చదివి, అప్పు తీర్చి, ఇల్లు నిలబెట్టిన పిల్లలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. వారు ఏ కాలేజీలో చదివారో, అక్కడ ఏం దొరికిందో అడిగి తెలుసుకోమనే చెబుతున్నాం.

అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదంతాలు ఉన్నాయి. రెండూ పత్రికల్లో వచ్చినవే. రెండింటిలోనూ దెబ్బతిన్నవారిలో మన తెలుగు పిల్లలు ఎక్కువమంది.

మొదటిది 2011 జనవరిలో జరిగింది. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. దాని విద్యార్థుల సంఖ్య 1,500 దాకా ఉంది. వారిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఎక్కువ. అమెరికా అధికారులు దాడిచేసి చూస్తే, ఆ విద్యార్థుల్లో సగానికి పైగా ఒకే అపార్ట్‌మెంటు చిరునామాలో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది. పాఠం కన్నా వీసా కాగితాలు అమ్మడమే అక్కడి వ్యాపారమని తేలింది. కొందరు పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. మన ప్రభుత్వం దానికి నిరసన తెలిపింది. ఆ యూనివర్సిటీని నడిపినామెకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. పిల్లలు కట్టిన ఫీజులు మాత్రం పోయినట్టే.

రెండోది ఇంకా విచిత్రమైనది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నదాన్ని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖవారే వలగా పెట్టారు. వీసా దళారులను పట్టుకోవడానికి వేసిన వల అది. దానికి వెబ్‌సైటు ఉంది, ఆఫీసు ఉంది, గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో పేరు కూడా ఉంది. అధ్యాపకులు లేరు, క్లాసులు లేవు. 2019 జనవరి చివరిలో అరెస్టులు మొదలైనప్పుడు 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. పిల్లలను చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తుల మీద కేసు పెట్టారు. క్లాసులు ఉండవని తెలిసే చేరారని అక్కడి ప్రభుత్వం అన్నది. మోసపోయామని పిల్లలు అన్నారు. ఆ వాదంలోకి మేము పోము.

మనం గమనించవలసినది ఇది. గుర్తింపు ఉందా అని చూసినా, వెబ్‌సైటు చూసినా ఫార్మింగ్టన్ పరీక్షలో నెగ్గేది. "మూడేళ్ల క్రితం ఇక్కడ చదివి బయటికి వెళ్లిన ఒక్కరి పేరు చెప్పండి, మాట్లాడతాను" అని అడిగితే అక్కడే ఆగిపోయేది. పట్టా పుచ్చుకుని బయటికి వచ్చిన మనిషి దానికి ఒక్కడూ లేడు.

ఆ రెండు చోట్లా పిల్లలను చేర్పించడానికి తోడ్పడినవారిలో కొందరు తోటి కుర్రవాళ్లేనన్న సంగతి కూడా మరవకూడదు. ట్రై వ్యాలీలో కొత్తవారిని తెచ్చినవారికి వచ్చిన ఫీజులో వాటా ఉండేది. ఫార్మింగ్టన్‌లో నగదో, ఫీజులో తగ్గింపో ముట్టేది. కాబట్టి "అక్కడ చదువుతున్న మనవాడే చెప్పాడు" అన్నంత మాత్రాన సరిపోదు. చెప్పినవాడికి మనం చేరితే ఏమైనా ముడుతుందా అని ముందు తెలుసుకోవాలి. మంచి పేరున్న యూనివర్సిటీలు కూడా కొందరు విద్యార్థులకు జీతమిచ్చి కొత్తవారికి జవాబులు చెప్పిస్తుంటాయి. వారు అబద్ధాలు చెబుతారని కాదు గాని, జీతమిచ్చేవారి లోపాలు వారి నోట రావు.

మరి ఎవరిని అడగాలి? మన సెంటర్లో శాంపిలు తీసే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. క్యానులో పాలను ప్లంజరుతో బాగా కలపకుండా పైపైన తీస్తే వెన్న శాతం ఎక్కువ చూపిస్తుంది. కాలేజీవారూ కన్సల్టెన్సీవారూ పరిచయం చేసే పూర్వ విద్యార్థులు ఆ పైపొర. పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చినవాడిని తెచ్చి చూపిస్తారు. రెండేళ్లు ఇబ్బందిపడి వేరే పనిలో చేరినవాడిని, సగంలో మానేసి వచ్చినవాడిని చూపించరు. అటువంటివారిని మనమే వెతుక్కోవాలి. మా లెక్కన కనీసం ముగ్గురు కావాలి. ఏడాది రెండేళ్ల కిందట పూర్తిచేసినవారు ఒకరు, ఐదారేళ్లు దాటినవారు ఒకరు, అనుకున్నట్టు జరగనివారు ఒకరు. ఈ మూడోవారు దొరకడం కష్టం. దొరికితే మాత్రం తక్కిన ఇద్దరి కన్నా వారి దగ్గరే ఎక్కువ తెలుస్తుంది.

చాలా పాతవారి మాటను కాలం చూసి తీసుకోవాలి. మీ చిల్లింగ్ సెంటరు మేనేజరు కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కాలేజీలో చదివి ఉండవచ్చు. ఆయన పట్టా మీద వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత కామారెడ్డి కాలేజీ పి.వి. నరసింహారావు పేరిట ఉన్న తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆనంద్‌లో 1979లో మొదలైన ఇర్మా 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయమైంది. భవనాలు అవే ఉండవచ్చు. అధ్యాపకులు, ఫీజు, ప్రవేశ పద్ధతి మారి ఉండవచ్చు. పాతవారిని ఆ పట్టా వల్ల పదేళ్లలో ఏం జరిగిందో అడగండి. ఇప్పుడు క్లాసులు ఎలా ఉన్నాయో నిన్న మొన్న బయటికి వచ్చినవారిని అడగండి.

సభ్యుల్లో చాలామంది "మాకు అంతటి మనుషులు ఎవరు తెలుసు?" అంటారు. పాడి రంగం చదువుల విషయంలో ఈ మాట నిజం కాదు. ఎద సూది వేయడానికి వచ్చే డాక్టరుగారు, డెయిరీ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరు, యూనియన్ ఆఫీసులో మార్కెటింగ్ చూసే అధికారి, వీరంతా ఏదో ఒక కాలేజీ పూర్వ విద్యార్థులే. కర్నాల్‌లోని జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ 1923లో బెంగుళూరులో పుట్టి, 1955లో కర్నాల్‌కు మారింది. ఇన్నేళ్లలో అక్కడ చదివినవారు దేశంలోని డెయిరీలన్నింటిలో ఉన్నారు. డాక్టరుగారు సూది వేసి చేతులు కడుక్కుంటున్నప్పుడు, "సార్, మీరు ఎక్కడ చదివారు? ఇప్పుడైతే అక్కడే చేరతారా?" అని అడిగి చూడండి. మా అనుభవంలో ఈ రెండో ప్రశ్నకు మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలోనే సగం జవాబు ఉంటుంది.

పరిశోధన చేసే చదువైతే కాలేజీ కన్నా గైడు ముఖ్యం. ఒకే కాలేజీలో ఒక గైడు దగ్గర విద్యార్థులు వేళకు పూర్తిచేస్తే, పక్క గదిలోని గైడు దగ్గర ఏళ్ల తరబడి నానుతుంటారు. గైడు పూర్వ విద్యార్థుల పేర్లు తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల థీసిసులను కృషికోశ్ అనే చోటా, పిహెచ్.డి. థీసిసులను శోధగంగ అనే చోటా ఇంటర్నెట్‌లో పెట్టారు. గైడు పేరుతో వెతికితే ఆయన దగ్గర ఎవరు ఏ సంవత్సరం పూర్తిచేశారో తెలుస్తుంది. కృతజ్ఞతల పేజీ కూడా చదవమని పిల్లలకు చెప్పండి. గైడును ఎలాగూ అందరూ పొగుడుతారు గాని, యంత్రం చెడిపోతే సాయం చేసిన ల్యాబ్ అటెండరును ఎంతమంది తలుచుకున్నారో చూస్తే అక్కడి పని ఎలా నడుస్తుందో కొంత అర్థమవుతుంది.

విదేశీ చదువైతే పిల్లవాడు బి.టెక్. చదివిన కాలేజీలోని అధ్యాపకులను అడిగితే, ముందు బ్యాచుల్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్లారో చెబుతారు. లింక్డిన్‌లో యూనివర్సిటీ పేరుతో వెతికితే అక్కడ చదివినవారు కనిపిస్తారు. ముక్కూ మొహం తెలియనివారు జవాబిస్తారా అని సందేహించవద్దు. పదిమందికి రాస్తే ముగ్గురైనా జవాబిస్తారు. తామూ ఒకప్పుడు అలా రాసినవారే గదా.

చుట్టాల పిల్లల విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. బావమరిది కొడుకు అక్కడే ఉన్నాడు గదా అని ఫోను చేసి "ఎలా ఉంది బాబూ?" అంటాం. "బాగానే ఉంది మామయ్యా" అంటాడు. ఇంకేమంటాడు? వాడి చదువుకు వాళ్ల నాన్న రెండెకరాలు అమ్మాడని ఊరంతా ఎరుగుదురు. ఉద్యోగం లేదని, నలుగురు ఒకే గదిలో ఉంటున్నామని మనతో చెబితే సాయంత్రానికి వాళ్లమ్మకు తెలుస్తుంది. వాడు అబద్ధమాడాడని మనం అనుకోకూడదు. మనం అడిగిన ప్రశ్నే అలాంటిది. పాలు ఎలా ఉన్నాయంటే ఎవరైనా బాగున్నాయనే అంటారు. వెన్న శాతం ఎంత అని అడిగితేనే అంకె చెప్పక తప్పదు.

అందుచేత అభిప్రాయాలు కాకుండా జరిగిన సంగతులు అడగాలి. మొదటి ఆరు నెలల్లో ఏయే సబ్జెక్టులు తీసుకున్నావు, పుస్తకంలో ఉండి కూడా చెప్పని సబ్జెక్టులు ఏవి? క్లాసులో ఎందరు, పాఠం చెప్పింది ప్రొఫెసరా, మరొకరా? ఫీజు కాక నెలకు ఎంత ఖర్చయింది, ఇన్సూరెన్సు ఎంత? రెండో ఏడు ఫీజు పెరిగిందా? యూనివర్సిటీలోనే పని దొరికిందా, ఎన్ని నెలలకు దొరికింది? చదువు నడిచే రోజుల్లో అక్కడి రూలు ప్రకారం క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. ఆ సంపాదనతో ఫీజు కట్టుకుంటానని పిల్లవాడు అంటుంటే ఈ ప్రశ్నను రెండుసార్లు అడగండి. నీతో కలిసి చదివిన ఐదుగురు స్నేహితులు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఈ చివరి ప్రశ్న మాకు చాలా ఇష్టం. తన సంగతి దాచేవాడు కూడా స్నేహితుల సంగతి చెబుతాడు.

స్కాలర్‌షిప్పో, అసిస్టెంట్‌షిప్పో ఇస్తామని ఉత్తరం వస్తే, అది ఒక సెమిస్టరుకా, చదువు మొత్తానికా, రెండో ఏడు నిజంగా కొనసాగిందా అని అది పొందినవారినే అడగాలి. చేరిన మొదటి రోజు నుంచే బయట ఉద్యోగం చేసుకోవచ్చు, క్లాసుకు రానక్కర్లేదు అని ఎవరైనా చెబితే అక్కడితో ఆ సంస్థ కాగితాలు పక్కన పెట్టేయండి.

అమ్మాయిల విషయంలో అక్కడ చదివిన అమ్మాయినే అడగాలి. రాత్రి ల్యాబ్ నుంచి హాస్టలుకు ఎలా వెళ్లేవారు, గైడు మాటతీరు ఎలా ఉంటుంది, ఫిర్యాదు చేస్తే వినే మనిషి ఉన్నారా అనే ప్రశ్నలు తండ్రి ఎదుట రావు. ఇంట్లో అమ్మ ఫోను తీసుకుని మాట్లాడితే మంచిది. సంఘాల్లో మహిళా సభ్యులు ఎందరో ఉన్నారు గనుక ఈ పేరా వారి కోసమే రాశాం.

ఉత్తరం రాయడం రాక కొందరు పిల్లలు ఆగిపోతున్నారని విని ఒక నమూనా ఇస్తున్నాం. సభ్యులు కాదు, పిల్లలే రాయాలి.

"అన్నగారికి నమస్కారం. నేను ఫలానా కాలేజీలో బి.టెక్. పూర్తిచేశాను. మాది పాడి మీద ఆధారపడిన కుటుంబం. మీరు చదివిన కోర్సులోనే నాకు సీటు వచ్చింది. చేరితే బ్యాంకు అప్పుతో చేరాలి. మీకు వీలైతే మూడు విషయాలు తెలియజేయగలరు. మీ బ్యాచులో చదువు పూర్తయిన ఆరు నెలలకు ఎంతమందికి ఇదే రంగంలో ఉద్యోగాలు వచ్చాయి? నెల ఖర్చు ఎంతయింది? ఈ రోజు మళ్లీ ఎంచుకోవలసి వస్తే ఇదే కోర్సులో చేరతారా? రాయడం కన్నా మాట్లాడడం సులువనుకుంటే మీరు చెప్పిన సమయానికి ఫోను చేస్తాను. మీరు చెప్పినది నా దగ్గరే ఉంటుంది."

ఇంతకు మించి అక్కర్లేదు. మొదటి ఉత్తరంలోనే వసతి చూసిపెట్టమనడం, ఉద్యోగం ఇప్పించమనడం పనికిరాదు. చివరి వాక్యాన్ని మాత్రం నిజంగా పాటించాలి. గైడు గురించి ఒకరు చెప్పినది ఆ గైడు చెవిన పడితే, చెప్పినవారి సిఫారసు ఉత్తరానికి ముప్పు వస్తుంది. జవాబు వచ్చాక ఏం నిర్ణయించుకున్నారో రెండు ముక్కలు తిరిగి రాయమనండి. చాలామంది ఆ మర్యాద మరిచిపోతున్నారని జవాబులిచ్చేవారు మాతో అన్నారు.

ముగ్గురు మూడు రకాలుగా చెబితే కంగారు పడవద్దు. మెస్సు బాగాలేదని ఒకరు, పరవాలేదని ఒకరు అంటే అది రుచి భేదం. క్లాసులు సరిగా జరగలేదని ఇద్దరు విడివిడిగా చెబితే మాత్రం అది కాలేజీ సంగతే. ఒక సంఘం అధ్యక్షుడు తన కొడుకు విషయంలో ఇలాగే నలుగురిని అడిగించి, నలుగురూ చెప్పినది ఒక నోటుబుక్కులో పక్కపక్కన రాయించాడు. ముగ్గురు ఒకే ప్రశ్నకు జవాబు దాటవేశారని అప్పుడు కనిపించిందట. ఆ కాలేజీ మానుకుని, ఫీజు తక్కువైన మరోచోట ఒక ఏడు ఆలస్యంగా చేర్చాడు. ఆ ఆలస్యానికి ఇంట్లో గొడవ జరిగిందని కూడా ఆయనే చెప్పాడు. అది సరైన పనో కాదో మేము చెప్పలేము. కొడుకు చదువు ఇంకా నడుస్తోంది.

వేళ సంగతి కూడా చూసుకోవాలి. ఆగస్టులో చేరే అమెరికా చదువులకు చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లో దరఖాస్తులు వెళతాయి. జవాబులు మార్చి నాటికి వస్తాయి. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలా వాటికి ఒక ఒప్పందం ఉంది. ఆర్థిక సహాయంతో సీటు ఇచ్చినప్పుడు ఏప్రిల్ 15 లోపు ఒప్పుకోమని విద్యార్థిని బలవంతం చేయకూడదు. కనుక "రేపటిలోగా డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుంది" అని ఎవరైనా తొందరపెడితే, ఆ యూనివర్సిటీ ఈ ఒప్పందంలో ఉందో లేదో నేరుగా అక్కడికే రాసి కనుక్కోవాలి. విచారణకు దరఖాస్తుకు ముందు రెండు నెలలు, సీటు వచ్చాక రెండు వారాలు పెట్టుకుంటే సరిపోతుంది.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. మీ సంఘ సభ్యుల పిల్లల్లో పై చదువులు పూర్తిచేసినవారు, మధ్యలో మానుకున్నవారు కూడా, ఏ కాలేజీలో, ఏ కోర్సులో, ఏ సంవత్సరం చదివారో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఇతరుల ప్రశ్నలకు జవాబివ్వడానికి ఒప్పుకున్నవారి ఫోను నంబరు మాత్రమే రాయండి. పక్క సంఘం సభ్యుడు వచ్చి అడిగితే చూపించండి. రిజిస్టరు కొనక్కర్లేదు, పాత పాల ఖాతా పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీలు చాలు.